చెత్త సినిమా అని దాచుకోనక్కర్లేదు



ప్రతి పేరెంట్ మీటింగ్‌లోనూ మార్కుల సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ కొందరు గొంతు తగ్గించి ఒక మాట చెబుతుంటారు. "మేడమ్, మావాడు ఫోన్‌లో ఆ పిచ్చి కుంగ్‌ఫూ సినిమాలు తెగ చూస్తున్నాడు. మీరొకసారి గట్టిగా చెప్పండి, మీరు చెబితే వింటాడు." గాల్లో ఎగిరే మనుషులు, పెదవులు ఆగిపోయాక వినిపించే మాటలు, ఒక్క దెబ్బకు పదిమంది పడిపోయే ఫైట్లు. వీటిలో ఏముందని చూస్తున్నాడో అర్థం కావడం లేదని మీ బాధ. ఆ బాధ సహజమే. అయినా ఈ విషయంలో నేను పిల్లల పక్షం. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ సినిమాలు చెత్తగా ఉంటాయన్న సంగతి పిల్లలకు తెలియదని మాత్రం అనుకోవద్దు. బాగా తెలుసు, అందుకే చూస్తారు. బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తినేటప్పుడు అది ఆరోగ్యానికి మంచిదని మనలో ఎవరూ అనుకోరు. తెలిసే తింటాం, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఇంకో రెండు వెయ్యమంటాం. ఈ సినిమాల రుచీ అలాంటిదే.

ఆ రుచి ఎలా తయారైందో తెలిస్తే మీకూ సరదాగా ఉంటుంది. 1960లు, 70లలో హాంకాంగ్‌లోని షా బ్రదర్స్ వంటి స్టూడియోలు ఈ సినిమాలను వరసపెట్టి తీసేవి. చాలావాటికి షూటింగ్ సమయంలో మాటలు రికార్డు చేసేవారు కాదు. ముందు బొమ్మ తీసి, తర్వాత గొంతులు కలిపేవారు. బయటి దేశాలకు పంపాలంటే ఇంగ్లిష్‌లో మళ్లీ డబ్బింగ్. చైనీస్ మాటకు కదిలిన పెదవుల మీద ఇంగ్లిష్ వాక్యం కూర్చోవాలి కాబట్టి, డబ్బింగ్ చెప్పేవాళ్లు వాక్యం మధ్యలో ఆగేవారు, అవసరం లేని పదం ఒకటి ఇరికించేవారు. మన పిల్లలు అనుకరించి పొట్ట పట్టుకుని నవ్వే ఆ వింత మాటతీరు అలా పుట్టిందే. చెయ్యి ఊపితే గాలి చీల్చినట్టు వచ్చే చప్పుడు, ఉన్నట్టుండి విలన్ ముఖం మీదకు దూసుకుపోయే కెమెరా కూడా ఆ కాలపు అలవాట్లే.

అంతకన్నా కింది మెట్టు సినిమాలూ ఉన్నాయి. 1980లలో నింజాల మోజు పెరిగినప్పుడు గాడ్‌ఫ్రే హో అనే హాంకాంగ్ దర్శకుడు ఒక ఉపాయం పట్టాడు. వేరేవాళ్లు తీసిన ఆసియా సినిమాలోకి, విదేశీ నటులతో కొత్తగా తీసిన నింజా సన్నివేశాలు అతికించి, కొత్త కథతో డబ్బింగ్ చెప్పించడం! 1985 నాటి ‘నింజా టెర్మినేటర్’ అలా అతికినదే. అందులో రిచర్డ్ హారిసన్ అనే నటుడు కార్టూన్ పిల్లి గార్‌ఫీల్డ్ ఆకారంలో ఉన్న టెలిఫోన్ పట్టుకుని ఎంతో గంభీరంగా మాట్లాడతాడు. ఈ దర్శకుడి కొన్ని సినిమాల్లో, ఎవరికీ కనబడకుండా తిరగాల్సిన నింజాల తలకట్టు మీద ‘నింజా’ అని ఇంగ్లిష్‌లో పెద్దగా రాసి ఉంటుంది.

మా తొమ్మిదో తరగతి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ‘మీకు నచ్చిన సినిమా’ అని టాపిక్ ఇస్తే, దాదాపు అందరూ ‘త్రీ ఇడియట్స్’ గురించో, ‘తారే జమీన్ పర్’ గురించో చెబుతారు. మంచి సినిమాలే. కానీ ఆ జవాబులన్నీ ఒకే గైడ్‌లోంచి బట్టీపట్టినట్టు ఉంటాయి. అదే టాపిక్‌ను ‘మీరు చూసిన అతి చెత్త సినిమా ఎందుకు చెత్త?’ అని మార్చి చూడండి. వెనక బెంచీ కూడా లేచి నిలబడుతుంది. ఒక అబ్బాయి అలాంటి నింజా సినిమా గురించే చెప్పాడు. ఇద్దరు మనుషులు సినిమా అంతా ఫోన్‌లోనే మాట్లాడుకుంటారనీ, ఒక్కసారి కూడా ఒకే గదిలో కనిపించరనీ, అంటే ఇవి రెండు వేర్వేరు సినిమాలై ఉంటాయనీ వాదించాడు. గ్రామర్ తప్పులున్నాయి. అయినా ఒక విషయాన్ని గమనించి, సాక్ష్యం చూపించి, నిర్ణయానికి రావడం అనే పని పూర్తిగా చేశాడు. పరీక్షలో పాఠం మీద మేం అడిగే పెద్ద ప్రశ్నలన్నింటికీ కావలసింది ఆ పనే. గొప్ప పుస్తకం ముందు పిల్లలు భయపడి నోరు మూసుకుంటారు. చెత్త సినిమా ముందు ఆ భయం ఉండదు. తప్పు పట్టడం అక్కడ నేర్చుకున్న పిల్లలకు, మంచిదాన్ని మెచ్చుకోవడానికి కూడా మాటలు దొరుకుతాయి.

పైగా, డబ్బింగ్ చెత్తగా ఉన్నంత మాత్రాన సినిమా అంతా చెత్త కానక్కర్లేదు. 1978లో వచ్చిన ‘36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్’ చూడండి. గోర్డన్ లియు హీరో. ఆలయంలో విద్య నేర్చుకోవడానికి 35 గదులుంటాయి. కుర్రాడు ఆత్రంగా అన్నిటికన్నా పై గదికే ముందు వెళతాడు. అక్కడ నిలవలేక బయటపడి, అట్టడుగు గది నుంచి మొదలుపెడతాడు. నీళ్లలో తేలే దుంగల మీద కాలు పెట్టి అవతలికి దాటితేగాని భోజనశాలకు చేరలేడు. పడతాడు, తడుస్తాడు, మళ్లీ వస్తాడు. సినిమాలో పెద్ద భాగం ఈ సాధనే. ఆరో తరగతిలోనే ఐఐటీ పుస్తకాలు కొనే మన ఇళ్లలో ఈ కథ గురించి పది నిమిషాలు మాట్లాడుకుంటే నష్టమేమీ లేదు.

జాకీ చాన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి హాంకాంగ్‌లోని ఒక పెకింగ్ ఆపెరా పాఠశాలలో కఠినమైన శిక్షణ పొందిన మనిషి. ఆయన చాలా సినిమాల చివర, పేర్లు పడేటప్పుడు, తప్పిన టేకులు చూపిస్తారు. దూకబోయి జారడం, దెబ్బ తగిలి విలవిల్లాడటం, లేచి నవ్వడం. 1986 నాటి ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ షూటింగ్‌లో చెట్టు మీద నుంచి పడి ఆయన పుర్రెకు గాయమైంది. అదే మనిషి 2016లో గౌరవ ఆస్కార్ అందుకున్నారు. మన పిల్లలకు మనం చూపించేది ర్యాంకుల ఫ్లెక్సీలు. తప్పిన టేకులు ఎవరూ చూపించరు. వాళ్లు వాటిని ఇంకెక్కడో వెతుక్కుంటే తప్పేముంది?

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే విషయానికి వస్తాను. ఫైట్ల కన్నా నాకు భయం కలిగించేది దాచుకోవడం. నాన్న గదిలోకి రాగానే ఫోన్ తిప్పేసే పిల్లాడు, అమ్మ అడిగితే ‘డాక్యుమెంటరీ’ అనే అమ్మాయి. మొదట్లో చిన్న అబద్ధమే. కానీ తనకు నచ్చిన వాటిలో పెద్దలకు చెప్పదగ్గవి కొన్ని, చెప్పకూడనివి కొన్ని అని పిల్లలు రెండు ఖాతాలు తెరుస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి రెండో ఖాతాలోకి సినిమాలే కాదు, స్నేహితులు, భయాలు, ఎవరైనా ఏడిపిస్తున్న సంగతులు కూడా చేరిపోతాయి. ఒక పిచ్చి సినిమా చూసి నవ్వానని ఇంట్లో చెప్పుకోలేని పిల్లలు, రేపు అంతకన్నా పెద్ద విషయం వచ్చినప్పుడు మన దగ్గరకు వస్తారా?

అసలు మనం మాత్రం తక్కువ తిన్నామా? మీలో చాలామంది బ్రూస్ లీ పోస్టర్ గోడకు అంటించుకున్నవారే, లేదా అన్నయ్య అంటిస్తే చూసినవారే. సుమన్, భానుచందర్‌ల కరాటే చూసి పెరటిలో కాళ్లు విసిరినవారే. ‘తమ్ముడు’లో కిక్‌బాక్సింగ్ చూసి పుషప్స్ మొదలుపెట్టి, నాలుగో రోజు మానేసినవారే. మీ పిల్లలకు ఆ సంగతి ఎప్పుడైనా చెప్పారా?

మీ అభ్యంతరాలూ కొట్టిపారేసేవి కావు. మొదటిది హింస. ఈ కోవలో పిల్లలకు తగనివి చాలానే ఉన్నాయి. పాత కుంగ్‌ఫూ సినిమాల మీద ప్రేమతో క్వెంటిన్ టరాంటినో తీసిన ‘కిల్ బిల్’ పూర్తిగా పెద్దల సినిమా. కాబట్టి పేరు పక్కన ఉండే గుర్తు చూడండి. 2024 నాటి సర్టిఫికేషన్ నిబంధనల ప్రకారం యూఏ ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు మెట్లుగా వస్తోంది. ఓటీటీలలోనూ వయసు రాసి ఉంటుంది. పాత సినిమాలు నెట్‌లో ఏ గుర్తూ లేకుండా దొరుకుతుంటాయి. అలాంటివి ముందు మీరు పది నిమిషాలు చూసి, తర్వాతే పిల్లలకు ఇవ్వండి. రెండోది అనుకరణ. తాళ్ల సాయంతో ఎగిరారనీ, ప్రతి దెబ్బా ముందే అనుకుని వేసిందేననీ పక్కన కూర్చుని చెప్పడమే దానికి మందు. నిజంగా ఆసక్తి ఉంటే మంచి కరాటే మాస్టర్ దగ్గర చేర్పించండి. క్లాస్‌మేట్ మీద మాత్రం ప్రయోగం వద్దని గట్టిగా చెప్పండి. ఆ విషయంలో మీతోపాటు నేనూ కఠినంగానే ఉంటాను. మూడోది సమయం. అర్ధరాత్రి దాకా దుప్పటి కింద ఫోన్ చూడటం ఏ సినిమాకైనా తప్పే. దానికి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు.

నేను అడిగేది ఒక్క ఆదివారం సాయంత్రం. ఫోన్ పక్కన పెట్టించి, ఆ సినిమాను హాల్లో టీవీ మీద వెయ్యమనండి. మీరూ కూర్చోండి. ‘ఇదేం సినిమారా’ అని మొదటి ఐదు నిమిషాల్లోనే అనకండి, నవ్వొస్తే నవ్వండి. అయిపోయాక మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో అన్నిటికన్నా నవ్వొచ్చిన చోటేది? అది ఎందుకు అలా తయారైందంటావు? నువ్వే తీస్తే ఏం మారుస్తావు? జవాబులు తెలుగులో చెప్పినా ఇంగ్లిష్‌లో చెప్పినా ఫరవాలేదు. తప్పులు దిద్దకండి, ఆ పనికి మేమున్నాం. ఆ జవాబుల్లో మీ అబ్బాయి, మీ అమ్మాయి ఎలా ఆలోచిస్తున్నారో మీకు తెలుస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో దానికి గడి లేదు.