నేర్చుకునే చెవికి ఏ ట్యూనర్?

గిటార్ కొనడానికి బయల్దేరిన కుటుంబం బేరమంతా గిటార్ మీదే ఆడుతుంది. చెక్క ఏది, తీగలు నైలానా ఉక్కా, కంపెనీ ఏది అంటూ నాలుగు దుకాణాలు తిరుగుతారు. బిల్లు రాసే వేళకు దుకాణదారు గిటార్ తలకు తగిలించే చిన్న క్లిప్ ట్యూనర్‌ను చూపిస్తే మాత్రం, ఫోన్‌లో ఉచితంగా వస్తుంది కదా అని వదిలేస్తారు, లేదంటే ఏదో ఒకటి సంచిలో వేయమంటారు. నా ఉద్దేశంలో కొత్తగా నేర్చుకునేవారికి గిటార్ తర్వాత అతి ముఖ్యమైన కొనుగోలు ఇదే. దాన్ని ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న కూడా ఒక్కటే: వాయించబోయే ప్రతిసారీ, ఎవరూ గుర్తు చేయకుండానే, పిల్లల చెయ్యి దాని మీదికి వెళ్తుందా? పెట్టె మీద అచ్చువేసిన ఖచ్చితత్వపు అంకె ఆ తర్వాతి మాట.

ఇంత పట్టింపు ఎందుకంటే గిటార్ శ్రుతి ఒకసారి కలిపితే నిలిచేది కాదు. ఉక్కు తీగ వేడికి సాగి శ్రుతి దిగుతుంది, చెక్క తేమ పీల్చుకుని ఉబ్బితే శ్రుతి పైకి జరగవచ్చు. విజయవాడ ఎండలోంచి ఏసీ గదిలోకి తెచ్చిన గిటార్, విశాఖ ఉక్కపోతలో రాత్రంతా గోడకు ఆనించి ఉంచిన గిటార్ మర్నాటికి అదే శ్రుతిలో ఉంటాయన్న నమ్మకం లేదు. కొత్త తీగలైతే కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటాయి. ఆరు తీగల్లో ఒక్కటి తప్పినా కార్డ్ మొత్తం చెడుతుంది. వేళ్లు సరైన మెట్ల మీదే ఉన్నా వినిపించేది తప్పుగా ఉంటే, తప్పు తనదేననుకుని పిల్లవాడు నిరుత్సాహపడతాడు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. తొలినాళ్లలో చెవి రోజూ ఏది వింటే దాన్నే సరైన స్వరంగా స్థిరపరచుకుంటుంది. అపశ్రుతికి అలవాటుపడిన చెవిని తిరిగి దారికి తేవడానికి నెలలు పడుతుంది.

ఫోన్ చాలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఫోన్ యాప్ బాగానే పనిచేస్తుంది. కానీ అది గాలిలో వచ్చే ధ్వనిని మైకుతో వింటుంది. పదిమంది ఒకేసారి తీగలు బిగించే సంగీత తరగతిలో, పక్కన కీబోర్డు మోగుతున్న చర్చి గాయకబృందంలో, ఫ్యాను కింద టీవీ ముందు అది ఎవరి స్వరం చూపిస్తోందో తెలియదు. క్లిప్ ట్యూనర్ లోపల పీజో పలక ఉంటుంది. తీగ కంపనం చెక్క గుండా గిటార్ తలదాకా పాకితే ఆ పలక దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అందుకే చుట్టూ ఎంత గోలగా ఉన్నా అది తాను పట్టుకున్న గిటార్‌నే ప్రధానంగా వింటుంది. మరో తేడా అలవాటుకు సంబంధించినది. ఫోన్ తీస్తే సందేశాలు కనబడతాయి, సాధన అక్కడే ఆగుతుంది. గిటార్ తలకే తగిలించి ఉన్న పరికరానికి ఒక్క మీట నొక్కితే చాలు.

ఇక ఖచ్చితత్వం సంగతి. స్థాయిని 1,200 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంట్ అంటారు. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. మామూలు ట్యూనర్ల పెట్టెల మీద ఒక సెంట్ అటూఇటూ అని ఉంటుంది, ఖరీదైన స్ట్రోబ్ రకాల మీద సెంట్‌లో పదో వంతు అని ఉంటుంది. సాధన చేసిన చెవి కూడా ఒకదాని తర్వాత ఒకటిగా విన్న రెండు స్వరాల మధ్య ఐదారు సెంట్ల లోపు తేడాను పట్టడం సాధారణంగా కష్టం. రెండూ కలిసి మోగినప్పుడైతే ఇంకా చిన్న తేడా తెలుస్తుంది నిజమే. 110 హెర్ట్జ్‌ల ఎ తీగ ఐదు సెంట్లు తప్పితే తేడా హెర్ట్జ్‌లో మూడో వంతు మాత్రమే, అయినా సరైన స్వరంతో కలిపి వింటే మూడు సెకన్లకొకసారి ధ్వని పెరిగి తరిగే విస్పందనం వినబడుతుంది. కానీ అదే తీగను గట్టిగా మీటితే మొదటి క్షణంలో స్వరం కొన్ని సెంట్లు పైకి పోయి తర్వాత దిగుతుంది. మెట్టు మీద వేలు కాస్త ఎక్కువ నొక్కినా అంతే. చేతివల్లే అంత తేడా వస్తున్నప్పుడు పదో వంతు సెంట్ కోసం అదనంగా వేల రూపాయలు పోయడంలో నేర్చుకునేవారికి లాభం లేదు. గిటార్ బాగుచేసేవారికి, బ్రిడ్జి సవరించి పన్నెండో మెట్టు స్వరాన్ని సరిచూసేవారికి, రికార్డింగ్ చేసేవారికి ఆ సూక్ష్మత అవసరమే. కొత్తవారి అవసరాలు వేరు.

దుకాణంలో ముందు చూడవలసింది తెర. వెలుతురులోనూ చీకట్లోనూ, వాయించే భంగిమలో కూర్చుని ఉండగానే అక్షరం, ముల్లు స్పష్టంగా కనబడాలి. తీగ తగ్గిందా హెచ్చిందా, ఎంత దూరంలో ఉందన్నది మీటిన వెంటనే తెలియాలి. లావు ఇ తీగ 82.4 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. చౌక రకాలు తడబడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి దుకాణంలోనే ఆ తీగ మీటి చూడండి. పట్టు గట్టిగా ఉండాలి, లోపల రబ్బరు ఉండాలి, తల ఎటైనా తిరగాలి. పన్నెండు స్వరాలనూ గుర్తించే క్రొమాటిక్ రకం తీసుకోవడం మేలు, ఎందుకంటే రేపు కాపో వేసినా, అరస్వరం దించి వాయించినా, ఇంట్లో వయొలిన్ ఉన్నా పనికొస్తుంది. అయితే ఆ రకం స్వరం పేరు చూపుతుందే గానీ ఇది ఏ తీగ అని చెప్పదు. కొత్తవారు తెలియక బిగించి తీగ తెంపుకుంటారు. అందుకే గిటార్ పద్ధతి కూడా ఉన్నది ఉత్తమం. తెర మీద ఎ స్వరానికి ప్రమాణమైన 440 అన్న అంకె ఉందో లేదో చూడటం అలవాటు చేయాలి. పొరపాటున మీట నొక్కుకుని అది 432కు మారితే ఆరు తీగలూ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి, కీబోర్డుతో మాత్రం దాదాపు 32 సెంట్లు తేడా వస్తుంది. ఇక చాలా ట్యూనర్లలో ఉండేది రూపాయి బిళ్లలాంటి లిథియం బ్యాటరీ. చిన్నపిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మూతకు స్క్రూ ఉన్నది, లేదా ఛార్జింగ్ రకం ఎంచుకోవడం తల్లిదండ్రుల బాధ్యత.

యంత్రం చూసి శ్రుతి చేసుకుంటే చెవి మొద్దుబారుతుందన్నది గురువుల్లో బలంగా ఉన్న అభ్యంతరం. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా చెప్పుకునే సంప్రదాయం మనది కనుక ఆ ఆందోళనను తేలిగ్గా తీసుకోలేం. కానీ ఆధారస్వరం కోసం పరికరాన్ని ఆశ్రయించడం కొత్త కాదు. ఇంగ్లండ్‌లో జాన్ షోర్ శ్రుతిదండాన్ని 1711లోనే తయారుచేశాడు. పైగా గిటార్‌ను కేవలం చెవితో కలిపే పద్ధతుల్లోనూ చిక్కు ఉంది. ఐదో మెట్టు, ఏడో మెట్టు దగ్గర తీగను తాకీ తాకక మీటి పుట్టించే అనుస్వరాలను విస్పందనాలు పోయేదాకా కలిపితే, గిటార్ మెట్ల లెక్కతో పోలిస్తే ఒక్కో జతకు రెండు సెంట్లు తగ్గుతుంది. ఇ నుంచి జి దాకా వచ్చేసరికి అది ఆరు సెంట్లు. చెవి చేసిన తప్పు కాదిది; చెవికి హాయిగా ఉండే శుద్ధ దూరాలకూ, సమాన భాగాలుగా వేసిన మెట్లకూ మధ్య ఉన్న తేడా.

అదే తేడాను చూపి, మన సంగీతానికి ఈ ట్యూనర్ కొలత సరిపోదనేవారు ఉన్నారు. శుద్ధమైన అంతర గాంధారం ట్యూనర్ చూపే స్థానం కన్నా సుమారు 14 సెంట్లు కింద ఉంటుందన్నది వాస్తవం. గమకాన్నయితే ఏ ముల్లూ కొలవలేదు. కాబట్టి గాత్ర సాధనలో స్వరస్థానాలకు ట్యూనర్‌ను ప్రమాణంగా పెట్టకూడదు. ఆధారషడ్జం పట్టుకోవడానికి మాత్రం అది నిస్సంకోచంగా పనికొస్తుంది: ఒకటో శ్రుతి అంటే సి, ఐదో శ్రుతి అంటే జి. గిటార్‌కైతే మెట్లే సమాన భాగాలు, అందువల్ల ఆ కొలతే దానికి తగినది.

మిగిలింది వాడే తీరు. తెర వైపు చూడకుండా తీగ మీటి, తగ్గిందో హెచ్చిందో ముందు చెవితోనే చెప్పమనండి. ఆ తర్వాత ట్యూనర్ చూసి, తీగను కాస్త దించి, కింది నుంచి పైకి బిగిస్తూ స్వరం దగ్గర ఆపమనండి. అలా చేస్తే బిరడాల్లోని సడలింపు పోయి శ్రుతి నిలుస్తుంది. ఇలా రోజూ ఆరు తీగలకు ఆరుసార్లు ఊహించి సరిచూసుకునే పిల్లల చెవి మొద్దుబారదు, పదునెక్కుతుంది. కొన్ని వందల రూపాయల పరికరం ఈ సాధనకు చాలు. కొనే ముందు బిడ్డ చేతికే ఇచ్చి, లావు తీగ మీటి ఏం కనబడుతోందో చదవమనండి. తడుముకోకుండా చదవగలిగితే అదే తీసుకోండి.