పుట్టని చిప్పుకి బారసాల

మా హాస్టల్లో మూడో సంవత్సరం అక్క ఒకామె ఉంది. ఆమె కాలేజీలో చేరిన ఏడే వాళ్ళ నాన్నగారు ల్యాప్‌టాప్ కోసమని డబ్బు పక్కన పెట్టారు. ఇంతవరకూ కొన్లేదు. అప్పుడు ఎం3 వచ్చింది, "ఎం4 దగ్గర్లోనే ఉందటే" అని ఆగింది. ఎం4 వచ్చాక "ఎం5 చూద్దాం" అంది. 2025 అక్టోబరులో ఎం5 కూడా వచ్చేసింది, ఇప్పుడు ఎం6 జపం. ఈలోగా అసైన్‌మెంట్లన్నీ ఫోన్లో బొటనవేలితో కొట్టడమో, ల్యాబులో కంప్యూటరు ఖాళీ అయ్యేదాకా కాచుకోవడమో చేస్తోంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దవాళ్ళు ఇలాంటివి చూసే అని ఉంటారు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. యాపిల్ కంపెనీ మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లు మానేసి, 2020 నవంబరులో తన సొంత ఎం1 చిప్పు పెట్టింది. అందులో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు. ఎం4కి వచ్చేసరికి అవి 2,800 కోట్లయ్యాయి. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకటి వస్తూ ఉంటుంది కనుక, వచ్చేది ఎప్పుడొస్తుంది, ఎలా ఉంటుంది అని ఊహించడం కొంతమందికి పెద్ద కాలక్షేపం. కాలక్షేపంగా ఉన్నంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. క్రికెట్లో రేపటి టీమ్ ఎవరని వాదించుకోమూ?

అయితే ఈ వరస చూసి లెక్క వేసుకున్నవాళ్ళు బోర్లాపడ్డ సందర్భాలు చాలానే ఉన్నాయి. ఐమ్యాక్‌కి ఎం2 రానేలేదు, ఎం1 నుంచి తిన్నగా ఎం3కి దూకింది. ఎం4 మొదట కంప్యూటర్లో కాదు, 2024 మేలో ఐప్యాడ్‌లో వచ్చింది. 2025 మార్చిలో మ్యాక్ స్టూడియోకి ఎం4 అల్ట్రా వస్తుందని చాలామంది ఎదురుచూస్తే వచ్చింది ఎం3 అల్ట్రా! అదే రోజు అదే పెట్టెలో ఎం4 మ్యాక్స్ కూడా పెట్టి అమ్మారు. ఏ నంబరు పెద్దదో, ఏది గొప్పదో కొనేవాడే తేల్చుకోవాలి.

దీనికన్నా పాత కథ ఒకటుంది. 2003లో స్టీవ్ జాబ్స్ వేదికెక్కి, జీ5 ప్రాసెసర్ ఏడాదిలో 3 గిగాహెర్ట్జ్ అందుకుంటుందని మాటిచ్చాడు. ఏడాది తర్వాత చూస్తే 2.5 దగ్గరే ఉంది, దానిక్కూడా వేడి చల్లార్చడానికి లోపల ద్రవం తిప్పాల్సొచ్చింది. అంత వేడి పుట్టేదాన్ని ఒళ్ళో పెట్టుకునే ల్యాప్‌టాప్‌లో ఎలా దూరుస్తారు? అయినా జీ5 పవర్‌బుక్ ఇవాళో రేపో అని జనం ఎదురుచూస్తూనే ఉన్నారు. 2005 జూన్‌లో ఆయనే వచ్చి, ఇంటెల్‌కి మారిపోతున్నామన్నాడు. జీ5 పవర్‌బుక్ పుట్టనే లేదు. సాక్షాత్తూ యజమాని మాటే తప్పినప్పుడు బయటివాళ్ళ ఊహకి పూచీ ఎవరు?

అన్ని ఊహలూ ఒకటేనని మాత్రం అనను. "తర్వాతి నంబరేది" అనేది ఒక రకం. "మొత్తం జాతే మారిపోతుందా" అనేది ఇంకో రకం. యాపిల్ సొంత చిప్పులకి మారబోతోందని బ్లూమ్‌బర్గ్ 2018లోనే రాసింది, అలాగే జరిగింది. అది పట్టించుకోవాల్సిన కబురు. ఎందుకంటే 2005లో జీ5 కొన్నవాళ్ళకి 2009లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ అందలేదు. ఇప్పుడు ఇంటెల్ మ్యాక్‌లకీ 2025లో వచ్చిందే ఆఖరు. రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌గా చవగ్గా వస్తోందని ఇంటెల్ మ్యాక్ కొనబోయే చెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోండి. ఎం1 పాతదైనా ఫరవాలేదు, అది వద్దు.

"ఆగితే లాభమేగా" అంటుంది మా అక్క. ఒక్కోసారి నిజమే. 2024 మార్చిలో ఎం3 ఎయిర్ 1,14,900 రూపాయలు, మెమరీ 8 జీబీ. మరుసటేడు మార్చిలో ఎం4 ఎయిర్ 99,900కే 16 జీబీతో వచ్చింది. కానీ చూడండి, ఇక్కడ నిజంగా పనికొచ్చింది మెమరీ. అది 2024 అక్టోబరులోనే ఎం2, ఎం3 ఎయిర్లకి కూడా పాత ధరకే 16 అయింది. చిప్పు నంబరు మీద కళ్ళన్నీ పెట్టినవాళ్ళలో ఎందరు మెమరీ సంగతి చూశారు? మనం చేసేదేంటి? తెలుగు టైపు చేసుకోవడం, పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చదవడం, పది ట్యాబులు తెరిచిపెట్టడం. దానికి ఎం1 కూడా ఎక్కువే. నిజం చెప్పాలంటే అసలు మ్యాకే అక్కర్లేదు, కానీ ఆ మాటంటే అక్క నాతో మెస్‌కి రాదు.

డిగ్రీ అంటే ఆరు సెమిస్టర్లు. ఒక చిప్పు కోసం ఏడాది ఆగితే రెండు సెమిస్టర్లు పోయినట్టు. మూడు చిప్పుల కోసం ఆగితే చిప్పు సంగతి దేవుడెరుగు, చేతికి చిప్పే.

ఇదంతా రాసి అక్కకి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. "బాగా రాశావే," అని మెచ్చుకుంది కూడా. తర్వాత అంది: "అయినా ఎం6లో స్క్రీను కూడా మారుస్తారటే."