మరియమ్మ పేరిట మన మధ్య గోడ ఎందుకు?

ఈ మధ్య బెంగళూరులో స్థిరపడిన రెండు తెలుగు కుటుంబాల పెళ్ళి మాటలకు మమ్మల్ని పిలిచారు. అమ్మాయి వాళ్ళు ఆర్‌సీఎం. అబ్బాయి వాళ్ళు మా సంఘస్థులు. ఇరువైపుల తాతలూ ఒకప్పుడు కోలారు బంగారు గనుల్లో పని చేసినవాళ్ళే. కట్నం ఊసు లేదు, కులం పేచీ లేదు. అన్నీ కుదిరాయి అనుకుంటుండగా అబ్బాయి మేనత్త ఒక మాట అన్నారు: “పెళ్ళయ్యాక మరియమ్మ పటం మా ఇంటికి తేకూడదు. యేసయ్యకు తమ్ముళ్ళున్నారని బైబిల్లోనే ఉంటే, ఆమె జీవితాంతం కన్యేనని వీళ్ళెలా అంటారు?” అమ్మాయి తండ్రి లేచి నిలబడ్డారు. “మా తల్లిని అంత మాట అన్నాక ఇంకేం మాట్లాడతాం?” అన్నారు. ప్రధానం తేదీ పెట్టుకోకుండానే అందరూ లేచిపోయారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇద్దరికీ భక్తి ఉంది. కానీ ఎదుటివాళ్ళు ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో ఇద్దరిలో ఎవరికీ సరిగా తెలియదు. మన పుల్పిట్ల మీద ఎన్నడూ చెప్పలేదు గనుక ఆ తప్పులో మా వాటా కూడా ఉంది.

మొదట ఒప్పుకునే సంగతి చూద్దాం. యేసు పరిశుద్ధాత్మ వలన కన్య మరియ గర్భాన పుట్టాడని అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ఇరువురమూ చెబుతాం. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ప్రసవానికి ముందు, ప్రసవంలో, ఆ తర్వాత కూడా మరియ కన్యగానే ఉన్నదని కతోలిక సంఘం, తూర్పు ఆర్థడాక్సు సంఘాలు నమ్ముతాయి. దీన్నే నిత్య కన్యత్వం అంటారు. యేసు పుట్టిన తర్వాత యోసేపు మరియలు అందరు దంపతుల్లాగే కాపురం చేశారని, వారికి పిల్లలు పుట్టారని నేడు ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు నమ్ముతారు. యౌవనులు దీన్ని 1854లో పోపు ప్రకటించిన నిష్కళంక గర్భధారణ సిద్ధాంతంతో కలిపేస్తుంటారు. అది మరియ జన్మపాపం లేకుండా తన తల్లి గర్భంలో పడిందనే బోధ. అది వేరే చర్చ.

మన వైపు వాదన రెండు వచనాల మీద నిలబడుతుంది. మత్తయి 1:25 ప్రకారం, కుమారుణ్ణి కనే వరకు యోసేపు ఆమెతో కాపురం చేయలేదు. ‘వరకు’ అన్నారంటే తర్వాత చేసినట్టే కదా అంటాం. మార్కు 6:3లో యాకోబు, యోసే, యూదా, సీమోను అనే సోదరుల పేర్లున్నాయి, సోదరీలూ ఉన్నారు.

కతోలికుల జవాబు కూడా బైబిల్లోనుంచే వస్తుంది. 2 సమూయేలు 6:23లో మీకాలుకు చనిపోయే దినం వరకు పిల్లలు లేరని ఉంది. చనిపోయాక పుట్టారని ఎవరమూ అనం. ఇక మార్కు 15:40లో సిలువను దూరం నుంచి చూస్తున్న వేరొక మరియను యాకోబు, యోసేల తల్లి అన్నారు. 383 ప్రాంతంలో హెల్విడియస్ అనే అతనికి జవాబు రాస్తూ జెరోము ఈ పేర్లనే పట్టుకున్నాడు. వీళ్ళు మరియ కొడుకులు కాదు, దగ్గరి బంధువుల పిల్లలు అన్నాడు. అంతకు ముందే మరో అభిప్రాయం ఉంది. వీళ్ళు యోసేపు మొదటి భార్య పిల్లలని రెండో శతాబ్దపు యాకోబు ఆది సువార్త సూచిస్తుంది. తూర్పు సంఘాలు నేటికీ అలాగే నమ్ముతాయి.

ఇక్కడ తెలుగువాళ్ళకు అర్థం కాని సంగతి ఏముంది? మన ఇళ్ళలో పిన్ని కొడుకు తమ్ముడే, పెదనాన్న కొడుకు అన్నే. ముంబైలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా పిన్ని కొడుకుని చూపించి “మా తమ్ముడు” అనే పరిచయం చేస్తాం. కాబట్టి కతోలికుల వాదన వినగానే నవ్వనక్కర్లేదు. అలాగని అదే ఖాయమనీ అనలేం. కొలొస్సయులు 4:10లో మార్కును బర్నబాకు జ్ఞాతి అని చెప్పడానికి గ్రీకులో వేరే మాట వాడారు. ఆ మాట ఉండగా, యేసు సోదరుల విషయంలో సువార్తికులు దాన్ని ఎందుకు వాడలేదు?

మా మటుకు మేము మత్తయి, మార్కులను తిన్నగా చదివితే యేసుకు సొంత తమ్ముళ్ళున్నారనే అనుకుంటున్నాం. కానీ ఇది రక్షణకు సంబంధించిన ప్రశ్న కాదని కూడా అంతే గట్టిగా అంటున్నాం. మన సంస్కర్తల మాట వినండి. లూథర్, జ్వింగ్లీ ఇద్దరూ మరియ నిత్య కన్య అనే నమ్మారు. ఆ తర్వాత ఏం జరిగిందో మత్తయి వచనం చెప్పడం లేదని, దాని మీద పంతం పట్టవద్దని కాల్విన్ రాశాడు. మెథడిస్టుల పితామహుడు జాన్ వెస్లీ 1749లో ఒక కతోలికునికి రాసిన లేఖలో ఇదే నమ్మకాన్ని ఒప్పుకున్నాడు. మరియమ్మ పటం చూసి ఆ పిల్లను కాదనే వాళ్ళం, ఈ లెక్కన లూథర్‌ను కూడా గుమ్మం దగ్గరే ఆపాలి!

కతోలిక సహోదరులకూ ఒక మాట. ప్రశ్న అడిగిన ప్రతివాడూ తల్లిని తిట్టినట్టు కాదు. లేఖనం చదివి అడగడం కూడా భక్తే. మీ సంఘ చట్టం మిశ్రమ వివాహానికి బిషప్పుగారి అనుమతి కావాలంటుంది. పిల్లలను కతోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని కతోలిక పక్షం నుంచి మాట తీసుకుంటుంది. ప్రొటెస్టెంటు వరుడు నిత్య కన్యత్వాన్ని ఒప్పుకోవాలనే షరతు మాత్రం అందులో లేదు. సంఘమే పెట్టని షరతు ఇంటి పెద్దలు ఎందుకు పెట్టాలి?

ఇంతకన్నా మమ్మల్ని బాధించే సంగతి ఇంకొకటి ఉంది. ఇరువర్గాలమూ మరియ శరీరం గురించి పదహారు వందల ఏళ్ళుగా వాదించుకున్నాం. ఆమె పాడిన పాట ఎవరం వింటున్నాం? లూకా మొదటి అధ్యాయంలో ఆ పల్లెటూరి పిల్ల సింహాసనాల మీద ఉన్నవాళ్ళు కూలిపోతారని, ఆకలిగొన్నవారి కడుపు నిండుతుందని పాడింది. ఆమె గర్భవతి అని తెలిసినప్పుడు ఊరు ఏమని ఉంటుందో ఊహించండి. యోసేపు కూడా రహస్యంగా విడిచిపెట్టాలనే అనుకున్నాడు. అదే అనుమానాన్ని ఈనాటికీ మన ఆడపిల్లల మీద పెడుతున్నాం. అత్యాచారానికి గురైన పిల్లను, భర్త వదిలేసిన స్త్రీని గుడిలో వెనక వరుసకు నెట్టే మనం ‘కన్య’ అనే మాటను దేవుని కృపకు గుర్తుగా కాక, ఆడదాని విలువ కొలిచే కొలబద్దగా వాడుతున్నాం. ఈ విషయంలో మాత్రం కతోలికులకూ మనకూ తేడా ఏమీ లేదు.

మన బయట ఉన్నవాళ్ళకు కూడా మన మధ్య తేడా కనిపించదు. క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, జపమాల చెబుతావా లేదా అని అడగదు. ఇద్దరినీ ఒకే గీత అవతల నిలబెడుతుంది. ఆ గీత అవతల నిలబడ్డవాళ్ళం మన మధ్య ఇంకో గోడ కట్టుకుంటున్నాం.

యౌవనులారా, మీరు అడగండి, చదవండి, వాదించండి. కానీ వాదన ముగిశాక ఒకే పళ్ళెంలో అన్నం తినగలగాలి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ రెండు కుటుంబాలనూ మళ్ళీ కూర్చోబెడుతున్నాం. అక్కడి విచారణ గురువుగారు కూడా వస్తానన్నారు. పటం ఏ గోడకు పెట్టాలో ఆ పిల్లా ఆ పిల్లాడూ తేల్చుకుంటారు. మేమిద్దరం వెళ్ళేది పెద్దల మధ్య లేచిన గోడను పడగొట్టడానికి. ప్రార్థించండి.