ఎండకీ వరదకీ ఒక చట్టం కావాలి



వాతావరణ మార్పు గురించి పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. కానీ అది పుస్తకంలో ఉండిపోయే సంగతి కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ఒక్క వరదను చూసి కారణం చెప్పలేం గానీ, గాలి వేడెక్కితే తేమ ఎక్కువ పట్టుకుంటుంది, అందుకే కుండపోత వానలు పెరుగుతాయి. ఇక మన అమ్మానాన్నలు తునికాకు కోసేది నడి ఎండాకాలంలోనే. ఎండ ముదిరితే ముందు దెబ్బ వాళ్లకే.

మరి దీనికి దేశంలో ప్రత్యేక చట్టం ఉందా? లేదు. 2008లో 8 మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. మంచిదే. కానీ ప్రణాళిక అమలు కాకపోతే ఎవర్ని నిలదీస్తాం? 2022లో లోక్‌సభ సభ్యుడు జయంత్ సిన్హా సొంతంగా ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ ప్రజల హక్కు అని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికంటూ ఒక సమగ్ర చట్టం లేదని కూడా చెప్పింది. బ్రిటన్ 2008లోనే చేసుకుంది.

"ఉన్న చట్టాలే అమలు కావట్లేదు, ఇంకోటి ఎందుకు?" అని కొందరు అంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం అన్నిచోట్లా సరిగా అమలు కాలేదు, నిజమే. అయినా అది ఉంది కాబట్టే మన పెద్దలు గ్రామసభలో కూర్చొని పట్టా అడగ్గలిగారు. అడగడం వేరు, బతిమాలుకోవడం వేరు.

నాకు ఒక భయం కూడా ఉంది. కార్బన్ తగ్గించాలి, చెట్లు పెంచాలి అంటూ మన పోడు భూముల్లోనే మొక్కలు నాటితే? పెద్ద ఫ్యాక్టరీల పొగకి మనం భూమి పోగొట్టుకోవాలా? అందుకే ఆ చట్టంలో ఇవి ఉండాలని నా అభిప్రాయం:

1. గ్రామసభ ఒప్పుకోకుండా వాతావరణం పేరుతో మన భూమి ముట్టుకోకూడదు.

2. వడదెబ్బతో చనిపోతే తెలంగాణ 2025లో 4 లక్షల సాయం ప్రకటించింది. అలాంటిది దేశమంతా ఉండాలి.

3. ఎండలకి, వానలకి ఆకు, పువ్వు, గింజ దెబ్బతింటే పంట నష్టం లాగే లెక్క కట్టాలి.

ఈ శనివారం బాలసభలో దీనిపై చర్చ పెట్టించాలని వార్డెన్ సారుని కోరుతున్నాను. చట్టం వద్దనేవాళ్లు కూడా తప్పకుండా వచ్చి మాట్లాడండి.

– 10వ తరగతి విద్యార్థి