‘సిన్నె యాస్’ అట!

మెనోపాజ్‌ని ఉర్దూలో ‘సిన్నె యాస్’ అంటారు. సిన్ అంటే వయసు, యాస్ అంటే ఆశ తెగిపోవడం. ఉర్దూ మీడియంలో చదివినదాన్ని కాబట్టి ఆ మాట నాకు చిన్నప్పుడే తెలుసు. ఇప్పుడు నాకు 47. ఆ పేరు నా మీదికే వచ్చింది, నాకది మంజూర్ కాదు.

ఆ ‘యాస్’ ఖుర్ఆన్‌లోనే ఉంది కదా అంటారు కొందరు జనాబ్‌లు. ఉంది, సూరె తలాఖ్ 4వ ఆయత్‌లో. అక్కడ నడిచేది ఇద్దత్ లెక్క. ఆశ వదులుకున్నది మహ్వారీ మీద, జిందగీ మీద కాదు. సూరె నూర్ 60వ ఆయత్ కూడా చూడండి. నికాహ్ ఆశ లేని పెద్ద వయసు ఆడవాళ్లకు, సింగారం చూపించకూడదన్న షరతుతో, పైవస్త్రం విషయంలో సడలింపు ఇచ్చారు. అల్లాహ్ సడలించిన వయసులో మనం బిగిస్తున్నాం. “ఇంకేం పని బయట? తస్బీహ్ పట్టుకుని కూర్చో” అంటున్నాం.

సరే, కూర్చుంటుంది. రాత్రి రెండింటికి ఒళ్లంతా ఆవిర్లు, దుప్పటి తడిసేంత చెమట. పక్కన మియ్యా గురక. ఫజర్‌కి ఆయన మస్జిద్‌కి వెళ్లి, నలుగురితో చాయ్ తాగి, ఊరి ఖబర్లన్నీ మోసుకొస్తాడు. మర్ద్‌కి రోజుకి ఐదుసార్లు మనుషులు దొరుకుతారు. బీవీకి? కూతుళ్లు అత్తారిళ్లకు పోయారు, అమ్మీ లేదు, బహూతో చెప్పాలంటే శరమ్. గుండె దడ వస్తే హార్ట్ ఎటాకే అనుకుంటుంది. ఊరికే ఏడుపొస్తే నజర్ తగిలిందని తావీజ్ కట్టించుకుంటుంది. “నాకూ ఇట్లాగే అయింది ఆపా” అనే ఒక్క సహేలీ ఉంటే సగం ఖౌఫ్ అక్కడే పోతుంది.

ఆ ఖౌఫ్‌కి ఖరీదు కూడా ఉంది. మహ్వారీ ఆగిపోయే ముందు కొన్నేళ్లు తేదీలు తప్పుతాయి, కొందరికి ఎక్కువగా పోతుంది. ఒంటరిగా హడలిపోయిన మనిషిని “గర్భసంచి తీసేద్దాం” అంటే సరేనంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ల లెక్క తీస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. జరూరీ ఆపరేషన్లూ ఉంటాయి, కాదనను. కానీ మందులతో నయమైన మనిషి పక్కింట్లోనే ఉండి, ఆ సంగతి ఈమె చెవిన పడకపోవడం జుల్మ్. దీనికి ఉల్టా కూడా ఉంది. మహ్వారీ ఆగి 12 నెలలు దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. అదైనా ఎవరో ఒకరు చెబితేనే కదా తెలిసేది!

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆపాలను చూశాను. కూలీ తక్కువ, నడుములు పడిపోతాయి, ఆ పని మంచిదని ఛస్తే అనను. కానీ చాటలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్న ఆ గుంపులో మహ్వారీ గురించి దాపరికం లేదు. షరీఫ్ ఖాందాన్ అని తలుపులేసుకున్న ఇళ్లలోనే తన్హాయీ ఎక్కువ.

“నలుగురు ఆడవాళ్లు చేరితే గీబతే” అంటారు. చాయ్ హోటల్లో మీరు చేసేది తఫ్సీరా? హజ్రత్ ఆయిషా (ర.అ.) 60 దాటాక కూడా మదీనాలో ఇల్మ్ నేర్పారు. మర్ద్‌లు సైతం వెళ్లి మస్‌అలాలు అడిగేవారు. ఆమెను ఎవరూ మూలన కూర్చోబెట్టలేదు.

మన ఊళ్లలో సర్కారు కట్టించిన ఉర్దూ ఘర్‌లు, షాదీఖానాలు ఉన్నాయి. షాదీలు లేని రోజుల్లో చాలా వాటికి తాళాలే. కమిటీ సదర్ సాబ్‌లూ, వారానికొక రోజు, జొహర్ నుంచి అసర్ దాకా, ఆ తాళం చెవి ఆడవాళ్ల చేతికివ్వండి. బయాన్ వద్దు, మైకు వద్దు. ఒక జంపఖానా, ఫ్లాస్కు నిండా చాయ్ చాలు. నెలకొకసారి సర్కారు దవాఖానా డాక్టరమ్మనో, ఏఎన్‌ఎం‌నో మేమే పిలుచుకుంటాం.

మా మహల్లాలో దరఖాస్తు ఇచ్చేశాం. 11 మంది దస్తఖత్ చేశారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. జవాబు ఇంకా రాలేదు.