చేరినవారి లెక్క సరే, మానేసినవారి మాటేమిటి?

పల్లెల నుంచి విశ్వవిద్యాలయాలకు వెళ్లే పిల్లలు పెరిగిన మాట నిజమే. ఎవరెవరు చేరుతున్నారో కేంద్ర ప్రభుత్వం 2010-11 నుంచి ఉన్నత విద్యా సర్వే పేరిట లెక్క తీస్తున్నది. 2021-22 నివేదిక ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది చదువుతుండగా అందులో ఎస్సీలు 66 లక్షలు, ఎస్టీలు 27 లక్షలు. 18-23 ఏళ్ల వారిలో మొత్తం మీద నూటికి 28 మంది పైచదువుల్లో ఉంటే, గిరిజనుల్లో 21 మందే. ఈ తేడా తెలిసింది లెక్క తీయబట్టే కదా! కాబట్టి దరఖాస్తులో కులం ఎందుకు రాయాలని విసుక్కునే వారితో ఈ విలేకరి ఏకీభవించలేడు.

అడిగే తీరు మాత్రం మారాలి. రెండేళ్ల క్రితం పొరుగు తండా అమ్మాయిని పి.జి.లో చేర్పించడానికి ఆమె తండ్రికి తోడుగా ఈ విలేకరి కూడా వెళ్లాడు. కిటికీ దగ్గర గుమాస్తా "ఏ కులం? ఎస్టీయేనా?" అని వరస మొత్తం వినేటట్టు అడిగాడు. ఆ పిల్ల తల వంచుకుని జవాబు చెప్పింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లలేదు. మెస్ బిల్లా, ఇంగ్లీషు పాఠాలా, తోటివారి మాటలా? ఎప్పుడడిగినా "ఊరికే" అంటుంది. విశ్వవిద్యాలయం నుంచి ఒక్క ఉత్తరం ముక్కయినా రాలేదు. ఆ ఏటి లెక్కలో ఆమె చదువుతున్నట్టే ఉండి ఉంటుంది.

పశువుల లెక్కకు వచ్చేవారు పాడి గేదె ఏది, ఒట్టిపోయినది ఏది అని విడివిడిగా రాసుకుపోతారు. మన పిల్లల విషయంలో ఆపాటి ఓపిక కూడా లేకపోయె.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంలలో అయిదేళ్లలో 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులు చదువు మధ్యలో వదిలారని 2023 డిసెంబరులో లోక్‌సభకు తెలిపారు. అదీ ఒక సభ్యుడు ప్రశ్న వేస్తేనే. చాలామంది వేరే కోర్సులకు మారుతుంటారని ప్రభుత్వం అన్నది. కావచ్చు. ఎంతమంది మారారు, ఎంతమంది ఇంటికి చేరారు? మన పిల్లలు ఎక్కువగా చేరే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనూ ఈ లెక్క కోర్సుల వారీగా ఏటా ప్రకటించాలి. పేర్లు అక్కరలేదు, అంకెలు చాలు.

ఇంట్లో ఇంతకుముందు కాలేజీ మెట్లెక్కిన వారున్నారా, ఊరి నుంచి బస్సుందా అనే రెండు ప్రశ్నలను కూడా దరఖాస్తులో చేర్చి, కులం సంగతి కిటికీ దగ్గర కాక కాగితం మీదే అడగాలి. వచ్చే ప్రవేశాల దరఖాస్తులు అచ్చయ్యేలోగా అధికారులు ఈ విషయం పరిశీలించవలసి ఉన్నది.