పొట్టుకు కూడా ఒక లెక్క ఉండాలి
(మా వాణిజ్య విలేఖరి)

కందిపప్పు క్వింటాలుకు యాభై రూపాయలు అటూ ఇటూ కదిలితే చాలు, బజారులో ఫోన్లు మోగుతవి. అదే మిల్లు వెనుక గుట్టగా పడి ఉన్న పొట్టు ధర అడిగే నాథుడు ఉండడు. నూరు కిలోల కందులు మర ఆడితే పప్పు 70 నుంచి 75 కిలోలు వస్తుంది. మిగిలినదంతా పొట్టు, నూక, పొడి. ఆ మిగిలినదానికి అసలు గిరాకీదారులు పట్టణాల డెయిరీల వారే కాదు, అనంతపురం వంటి మెట్ట సీమలలో నాలుగైదు మేకలు పెట్టుకున్న చిన్న రైతులు కూడా. ఈ రెండవవారిని మన వ్యాపారం ఇంతవరకు లెక్కలోకి తీసుకోలేదు.

మేక ఏదైనా తింటుంది, దానికి కొని పెట్టేదేమిటి అనే మాట బజారులో తరచు వినవస్తుంది. పెద్ద మేక విషయంలో కొంత నిజమే. పాలు మాన్పించిన పిల్ల సంగతి వేరు. ఎండాకాలం బీడులో మిగిలేది ఎండుగడ్డి, ఇంటి దగ్గర జొన్న చొప్ప. చొప్పలో మాంసకృత్తులు 3 నుంచి 5 శాతం. మేతలో అవి సుమారు 7 శాతానికి తగ్గితే కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులే చాలవు. పిల్ల ఎదగదు, రైతు బక్క పిల్లనే సంతకు తోలుతాడు.

లెక్క చూద్దాము. పిల్లకు రోజుకు 150 గ్రాముల పప్పుదినుసు దాణా, 90 రోజులకు 13.5 కిలోలు. కిలో 25 రూపాయలనుకుంటే ఖర్చు 337 రూపాయల చిల్లర. రోజుకు 30 గ్రాములు అదనంగా పెరిగినా 2.7 కిలోలు కలిసినట్లే. ప్రాణంతో కిలో 300 చొప్పున కట్టినా 810 రూపాయలు. ఇవి ఈ విలేఖరి వేసుకున్న అంకెలు. ఎవరి ఊరి ధారణలు వారు వేసుకొని చూడవచ్చును.

అయితే ఈ లెక్క నిలిచేది సరుకు సరుకుగా ఉన్నప్పుడే. ఉత్త పొట్టులో పీచే గాని బలం తక్కువ. నూక, పొడి కలిసినప్పుడే మాంసకృత్తులు వస్తవి. రెంటినీ ఒకే పేరుతో, ఒకే రేటుకు, కంటి చూపుతో బేరమాడుతున్నాము. ఒక మిల్లులో ఊడ్చిన దుమ్ము కూడా అదే బస్తాలోకి వెళ్ళడం ఈ విలేఖరి స్వయంగా చూచినాడు. అడిగితే "మేకలకేగదండీ" అన్నారు.

వేరుశనగ చెక్క సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 40 శాతం పైబడి మాంసకృత్తులున్న సరుకది. కాని నెమ్ము తగిలితే బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్ విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినవి. ఆరా తీయగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి దగ్గర తేలింది. ఆనాటి నుంచి విదేశీ కొనుగోలుదారులు చెక్కను పరీక్షించనిదే ముట్టుకోరు. పై దేశానికి పనికిరాక తిరిగిన సరుకు లోకల్‌లో అమ్ముకోవడం ఏ పాటి వ్యాపారం? మేకపిల్ల చచ్చిపోతే రైతు చెక్క మీద అనుమానపడడు, దిష్టి తగిలిందనుకుంటాడు. మన ధైర్యమంతా అదే కాబోలు.

రైతు వైపు కూడా ఒక జాగ్రత్త ఉన్నది. దాణా ఒక్కసారిగా పెంచితే చిటుక రోగం వస్తుంది. 50 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కొన్నాళ్ళు పెట్టి, సరుకు అందక మానేసి, మళ్ళీ ఒక్కసారిగా పెడితే ప్రమాదమే. అందుచేత వానికి కావలసింది మూడు నెలలు తెగకుండా అందే సరుకు. సుబాబుల్ ఆకు వంటివి ఉన్నవి గాని, అందులోని మైమోసిన్ వల్ల మొత్తం మేతలో మూడవ వంతు మించరాదంటారు.

తాండూరు, ఆదోని వర్తకులు వచ్చే సీజనుకు ఒక ప్రయత్నం చేయవచ్చును. జనవరి, ఫిబ్రవరిలో కొత్త కందులు ఆడే రోజులలో పొట్టు చవుకగా ఉన్నప్పుడే నూక పాలు ఎంతో చీటీ మీద వ్రాసి, పది కిలోల సంచులలో కట్టి సంతలకు పంపాలి. పెద్ద బస్తా కొంటే చిన్న రైతు ఇంట్లో సగం కాకముందే నెమ్మెక్కుతుంది. అప్పు మాత్రం అడుగుతాడు, పిల్ల అమ్మిన నాడు ఇస్తానంటాడు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఊరి దుకాణదారుకే తెలియాలి.